బ్లేడు చూపించే మనిషి

మేష్టారి మెడ వెనక నూగు గీయడం అయ్యాక గుండన్న కత్తి విప్పి, అందులోని సగం బ్లేడు బయటికి తీసి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని చెయ్యి తలకంటే ఎత్తుకు లేపాడు. అవతల గుమ్మం పక్క బల్లమీద కూర్చున్న కొట్టు యజమాని పెద్దాయన పేపరు మీంచి తలెత్తి, చూశానన్నట్టు ఒకసారి ఊపాడు. అప్పుడుగానీ ఆ బ్లేడు, మూతకు చీలిక కోసిన పాత రేకు డబ్బాలో పడలేదు.

"ఏమిటయ్యా ఇది, వేలంపాటా?" అన్నారు మేష్టారు అద్దంలోంచి చూస్తూ. వచ్చిన ప్రతిసారీ ఆయన ఇదే మాట అంటారు. గుండన్న ప్రతిసారీ నవ్వి ఊరుకుంటాడు.

వేలంపాట కాదు, అలవాటు. జైల్లో తోటి ఖైదీలకు క్షవరం చేసే పని అతనిది. అక్కడ బ్లేడు ఇచ్చేటప్పుడు గార్డు చూసి ఇస్తాడు, పనయ్యాక చూసి తీసుకుంటాడు. ఒక్క ముక్క తగ్గిందా, బ్యారక్ బ్యారకంతా దుప్పట్లు దులుపుకుంటూ బయట నిలబడాలి. అందుకని చెయ్యి పైకెత్తి, గార్డు తల ఊపాకే బ్లేడు పడెయ్యాలి. విడుదలై వచ్చినా ఆ చెయ్యి మాట వినలేదు, తనంతట తనే లేచేది. ఈ సెలూన్‌లో పనికి కుదిరిన మొదటి రోజు గుండన్న అలా చెయ్యెత్తి నిలబడిపోతే, పెద్దాయన ఎందుకు, ఏమిటి అని అడగలేదు. తల ఊపాడు. ఊపకపోతే కొట్టు కట్టేసే దాకా అలాగే నిలబడి ఉండేవాడేమో.

గుండన్న అన్నది కూడా జైల్లో పెట్టిన పేరే. అందరి తలలూ దువ్వేవాడికి తన నెత్తిన దువ్వుకోవడానికి ఒక్క వెంట్రుక లేదు మరి. పొడుగు మనిషి. బుగ్గలు లోపలికి పోయి, భుజాలు ముందుకు వంగి, ఖాళీ వీధిలో కూడా ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు ఒదిగి నడుస్తాడు. చేతులు మాత్రం ఆ మనిషివి అనిపించవు. సన్నని వేళ్లు, శుభ్రంగా కత్తిరించుకున్న గోళ్లు, మణికట్టు దగ్గర ఏ తొందరా లేని కదలిక. "నీ చేతులు మంచివే, వాటి ఖర్మ కొద్దీ నువ్వు దొరికావు" అనేది అతని భార్య, ఆవిడ అతనితో ఇంకా మాట్లాడుతున్న రోజుల్లో.

ఈ కొట్టులో జుట్టు అతని వంతు, గడ్డం పెద్దాయన వంతు. గుండన్న కత్తి మెడ వెనక దాకానే వెళుతుంది. చెవి దాటి ముందుకు రాదు. "పనిలో పని, గడ్డం కూడా కానిచ్చెయ్" అని ఎవరైనా అంటే, "బాబాయ్ చేస్తారండీ" అని ఒక అడుగు వెనక్కి వేస్తాడు. కొత్తవాళ్లు అది వినయం అనుకుంటారు. కాదు, భయం.

పెద్దాయన పేపరు మడిచి లేచాడు. కుర్చీ దాకా రావడానికి గోడ పట్టుకున్నాడు. పొద్దున షట్టరు ఎత్తేటప్పుడు కూడా ఆయాసపడి, గుండన్న కంగారు పడితే, "వయసురా, దానికేం రోగం" అని కొట్టిపారేశాడు. పొట్టి మనిషి, గుండ్రని మొహం, దళసరి కళ్లజోడు. ఆయన గడ్డం గీస్తుంటే చూడాలి. ముందు ఎడమచేతి వేళ్లు వెళ్లి చర్మాన్ని తడిమి, లాగి పట్టుకుంటాయి. వాటి వెనకాలే కత్తి వెళుతుంది. సగం మంది కస్టమర్లకు రెండో బుగ్గ మొదలయ్యేసరికే కునుకు పడుతుంది. "కుర్చీలో నిద్రపోయినవాడే మనకు సర్టిఫికెట్టురా అబ్బాయ్" అంటాడు పెద్దాయన.

ఇవాళ మేష్టారు నిద్రపోలేదు. "స్స్" అన్నారు. దవడ కింద తెల్లటి నురగలో సన్నని ఎర్ర గీత ఒకటి దిగింది.

వెనకాల గుండన్న నిలబడి ఉన్నాడు. పటిక ముక్క కళ్లెదురుగానే ఉంది. దాన్ని అందుకోవడానికి అతనికి చాలాసేపు పట్టినట్టనిపించింది. పెద్దాయన పటిక రుద్ది, తువ్వాలు అద్ది, "ఏదో, మీ మీదున్న చనువు కొద్దీ" అని నవ్వించబోయాడు. మేష్టారు మంచివారు కాబట్టి నవ్వారు. కానీ వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, ఆయన వంక ఒకసారి పరీక్షగా చూసి మరీ వెళ్లారు.

ఒకప్పుడు గుండన్నకు సొంత సెలూన్ ఉండేది. పొద్దున్నే ఒక గుక్క పడితేగానీ చేతుల వణుకు ఆగేది కాదు. మధ్యాహ్నానికి ఆ గుక్క సీసా అయ్యేది. ఆ రోజు కుర్చీలో ఉన్నది రొట్టెల బట్టీ నడిపే మనిషి, వారం వారం వచ్చే పాత బేరం. "కొట్టంతా ఒకటే కంపు. గడ్డం నువ్వు గీస్తావా, నీ సీసా గీస్తుందా?" అని నవ్వాడు. అంతే. అంత కోపం రావడానికి ఆ మాటలో ఏముందో గుండన్నకు ఇప్పటికీ తెలియదు. చేతిలో కత్తి ఉంది, చెయ్యి కదిలింది. గొంతు తప్పింది కాబట్టి ఆ మనిషి బతికాడు. దవడ మాత్రం చెవి దాకా చీలింది. కోర్టులో ఎవరు చేశారని అడిగితే "నేనేనండి" అన్నాడు గుండన్న. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు అతను నలుగురికీ వినబడేలా మరో మాట అనలేదు.

జైల్లో తాగుడు మానడంలో గొప్పేమీ లేదు, అక్కడ దొరకదు. బయటికొచ్చాక తెలిసింది అసలు సంగతి. మొదటి వారంలోనే జైలువాళ్లిచ్చిన చొక్కా కూడా అమ్ముకుని తాగి, బస్టాండులో పడుకున్నాడు. అక్కణ్ణుంచి అతన్ని లేపి తీసుకెళ్లింది ఒక ఇల్లు. ఇల్లు లేపదు, మనిషే లేపుతాడు. కానీ గుండన్నకు ఆ ఇల్లే వచ్చి లేపినట్టు గుర్తు. జైలు నుంచి వచ్చి తాగుడు వదిలించుకోవాలనుకునే మగవాళ్లు అక్కడ ఉంటారు. దాన్ని నడిపే ఆయనా ఒకప్పటి ఖైదీయే, అందుకని అందరూ ఆయన్ని "జైలరు గారూ" అని ఆటపట్టిస్తారు. అక్కడ రెండే పద్ధతులు. తాగాలనిపిస్తే, ఎదురుగా ఎవరుంటే వాళ్లకు పైకి చెప్పెయ్యాలి. గోడకు చెప్పుకుంటే కుదరదు. ఇక సాయంత్రం అందరూ చుట్టూ కూర్చుని, ఆ రోజు మొదలుపెట్టి పూర్తి చేసిన పని ఏదో ఒకటి చెప్పాలి. చొక్కాకు గుండీ కుట్టుకున్నానన్నా చాలు. గుండన్న పనికి కుదిరిన మొదటి సాయంత్రం లేచి నిలబడి, "ఒక తల పూర్తి చేశాను" అన్నాడు. ఇంటి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. పక్కనున్న లారీ డ్రైవరైతే, "అమ్మో, నువ్వు దేనికి లోపలికెళ్లావో మళ్లీ చెప్పన్నా" అని కుర్చీ దూరంగా లాక్కున్నాడు. అప్పటినుంచి రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు. అతను ఏనాడూ గడ్డం అన్న మాట ఎత్తలేదని ఆ నవ్వేవాళ్లెవరూ గమనించలేదు. జైలరు గారు గమనించారు, కానీ ఆయన అడగలేదు.

మధ్యాహ్నం భోజనం డబ్బాతో పెద్దాయన కూతురు వచ్చింది. బట్టల కొట్లో పనిచేస్తుంది. తెరిపి దొరికినప్పుడు తండ్రికి డబ్బా ఇచ్చి పరుగున పోతుంది. గుండన్నను ఎప్పుడూ సూటిగా చూడదు. చెడ్డ మనిషి కాదు, భయపడే మనిషి. భయపడుతున్నవాళ్లను గుండన్న ఇట్టే పోల్చుకోగలడు.

"ఊరందరికీ గీస్తావు, నీ మొహం చూసుకున్నావా నాన్నా? ముళ్లకంపలా ఉంది."

"ఇప్పుడు నాకేమన్నా పెళ్లిచూపులా ఏంటే?"

"కొట్టు చూడ్డానికి రేపు మనుషులొస్తున్నారు. వాళ్ల ముందైనా కాస్త మనిషిలా ఉండు."

నేల ఊడుస్తున్న గుండన్న చేతిలో చీపురు ఆగింది.

"రేపే?" అన్నాడు పెద్దాయన.

"మరెప్పుడు? గోడలు పట్టుకుని నడుస్తున్నావ్. నాకు కనబడదనుకున్నావా?" ఆమె గొంతు తగ్గించింది. కానీ అదేమీ మేడ కాదు, చిన్న కొట్టు. "నువ్వు పడిపోతే పక్కన ఎవరున్నారు? జైలు నుంచొచ్చిన మనిషి. చేతిలో కత్తి. అక్కడ నాకు పనిమీద ధ్యాసే ఉండట్లేదు, తెలుసా?"

"వాడి కత్తి మెడ దాటి ముందుకు రాదులేవే" అన్నాడు పెద్దాయన. "నా బాధా అదే."

"అదే నేనూ అంటున్నా. నువ్వు చెయ్యలేవు, అతను చెయ్యడు. గడ్డం గీసేవాళ్లు లేని సెలూన్ ఎందుకు నాన్నా? అమ్మేసి నా దగ్గరికొచ్చి ఉండు."

ఆమె వెళ్లిపోయింది. గుండన్న ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చాడు. ఈ కొట్టు పోతే ఇంకో కొట్టు దొరకదని కాదు. ఇంకో కొట్టులో చెయ్యెత్తి నిలబడితే తల ఊపేవాళ్లు దొరకరు. వీధికి అటువైపు మందు షాపు ఉంది. రోజూ ఆ వైపు చూడకుండా నడవడం అతనికి బాగానే అలవాటైంది. ఇవాళ మాత్రం దాని ఇనప కటకటాలు, వాటి సందులోంచి లోపలికి చాపిన చేతులు, చీపురు పట్టుకున్న చోటినుంచే కనిపించాయి.

పెద్దాయన డబ్బాలో రెండు ముద్దలు తిని మూతపెట్టేశాడు. చేతులు కడుక్కుని వచ్చి, బల్ల మీద కాకుండా, కస్టమర్ల కుర్చీలో కూర్చున్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్. రా, నాకు గడ్డం గీయి."

"నావల్ల కాదు బాబాయ్."

"కాకపోవడమేంట్రా? జైల్లో గీశావుగా."

"అక్కడ గార్డు ఉండేవాడు. పక్కనే నిలబడి చూస్తుండేవాడు."

"ఇక్కడ?"

"ఇక్కడ మీరు చూస్తారు. మీరే వచ్చి కుర్చీలో కూర్చుంటే ఇంకెవరు చూస్తారు?"

పెద్దాయన కళ్లజోడు తీసి, మడిచి, అద్దం ముందు చెక్కమీద పెట్టాడు. కళ్లజోడు లేకపోతే ఆయన మొహం చిన్నదైపోయింది. "ముందు నురగ పట్టించు" అన్నాడు. "పట్టించాక ఒక మాట చెబుతా."

నురగ పట్టించడానికి గుండన్నకు భయం లేదు. వేడినీళ్లలో బ్రష్షు ముంచి, సబ్బు మీద తిప్పి తిప్పి, ఆ గరుకు బుగ్గల మీద గుండ్రంగా పూశాడు. తెల్ల వెంట్రుకలన్నీ తెల్ల నురగలో కలిసిపోయాయి.

"నువ్వు చెయ్యెత్తి చూపిస్తావే బ్లేడు" అన్నాడు పెద్దాయన నురగలోంచి. "అది నాకు కనబడదురా."

గుండన్న చేతిలో బ్రష్షు ఆగింది.

"కనబడక చాలా కాలమైంది. రెండు కళ్లలోనూ పొరలు. అమ్మాయికి తెలిస్తే ఆ రోజే షట్టరు దింపించేస్తుందని చెప్పలేదు. నువ్వు చెయ్యి లేపితే అటేదో కదిలినట్టుంటుంది. ఊపకపోతే నువ్వక్కడే గుంజలా నిలబడిపోతావని ఊపేవాణ్ణి. ఆ పేపరూ అంతే. తలకిందులుగా ఇచ్చినా చదివేస్తాను." ఆయన నవ్వితే పెదవుల దగ్గర నురగ బుడగలు లేచాయి. "ఇన్నాళ్లూ నిన్ను చూసిందెవర్రా మరి? ఎవరూ చూడలేదు. పొద్దున నావల్ల రక్తం వచ్చింది. ఇన్నాళ్లలో నీవల్ల ఎవరికన్నా వచ్చిందా?"

ఈ మాట వింటే మనిషికి ధైర్యం రావాలి. పెద్దాయన అలాగే అనుకుని చెప్పాడు. గుండన్నకు మాత్రం కాళ్ల కింద నేల లాగేసినట్టయింది. ఇన్నాళ్లూ ఎవరో చూస్తున్నారనుకుని కత్తి పట్టాడు. ఎన్ని మెడలు! చంటిపిల్లల మెడలు, మేష్టారి మెడ, నమ్మి తల వంచిన వాళ్లందరి మెడలు. కాపలా లేకుండా, ఒంటరిగా, తను! చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఎన్నో ఏళ్ల కింద వదిలిందనుకున్న పాత వణుకు, మణికట్టు నుంచి పైకి పాకుతోంది.

"ఇప్పుడే వస్తా బాబాయ్" అన్నాడు. అని బయటికి వచ్చేశాడు.

ఎండ ఫెళ్లున కాస్తోంది. వీధి దాటాడు. మందు షాపు పక్కనే టీ కొట్టు ఉంది. అతని కాళ్లు ఏ గుమ్మం వైపు వెళుతున్నాయో అతనికే తెలియదు. కటకటాల ముందు నిలబడ్డ ఒకతను పక్కకు జరిగి చోటిచ్చాడు కూడా. అంత మర్యాదగా అతనికి ఈ మధ్య ఎవరూ చోటివ్వలేదు. లోపలినుంచి వచ్చే ఆ వాసన అతన్ని పాత చుట్టంలా పలకరించింది. గుండన్న పళ్లు బిగించి, టీ కొట్టు వైపు తిరిగి, అక్కడ గ్లాసులు కడుగుతున్న ఆవిడతో గబగబా అనేశాడు.

"అక్కా, నాకు తాగాలనుంది."

ఆవిడ తల తిప్పి చూసింది. ఈ మాట ఆవిడ అతని నోట ఇంతకుముందూ విన్నది. మొదటిసారి బెదిరిపోయి కెటిల్ పట్టుకుని వెనక్కి జరిగింది, ఇప్పుడు బెదరదు. "చెప్పావుగా, మంచిపని చేశావు. ఇలా నీడకొచ్చి నిలబడు" అంది. కాసేపటికి అతని చేతివంక చూసింది. "ఏంటా తెల్లగా?"

"నురగ. బాబాయ్‌కి పట్టించా."

"నువ్వా? గీసేశావా?"

"లేదు."

ఆవిడ గ్లాసు ఠప్పున కింద పెట్టింది. "అయితే ఆ పెద్దమనిషి నురగ మొహంతో అలాగే కూర్చున్నాడా? ఈ ఎండకి ఎండిపోయి మొహమంతా పీక్కుపోదూ? నీ పనేంటి, నువ్వు చేసిందేంటి తమ్ముడూ? నేను పొయ్యి మీద పాలు పొంగుతుంటే వదిలేసి వీధిలోకొచ్చి నిలబడతానా?"

గుండన్న సిగ్గుతో చచ్చిపోయాడు. జీవితంలో చెయ్యకూడనివి చాలా చేశాడు. కానీ నురగ పట్టించిన మొహాన్ని సగంలో వదిలెయ్యడం ఎన్నడూ చెయ్యలేదు. ఒళ్లు తెలియకుండా తాగిన రోజుల్లో కూడా, కుర్చీలో కూర్చున్నవాణ్ణి అలా వదిలి వెళ్లలేదు. రొట్టెల బట్టీ మనిషిని తప్ప. ఆ మనిషి మొహానికి రెండో వైపు నురగ అలాగే ఉండగా ఆస్పత్రికి మోసుకుపోయారు. ఆ సంగతి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు, ఇప్పుడు వచ్చింది.

అతను వీధికి అడ్డంపడి పరుగెత్తాడు.

పెద్దాయన కదల్లేదు. రెండు చేతులూ కుర్చీ చేతులమీద పెట్టుకుని, కళ్లు మూసుకుని అలాగే ఉన్నాడు. నురగ ఎండి, గోడ సున్నంలా అక్కడక్కడా బీటలిచ్చింది.

"వచ్చావా" అన్నాడు, ముక్కు ఎగబీల్చి. "వాసన లేదు. టీ కూడా తాగలేదా?"

"లేదు బాబాయ్."

"సరే. ఇది ఎండిపోయింది, మళ్లీ పట్టించు."

గుండన్న తడిగుడ్డతో తుడిచి, మళ్లీ పట్టించాడు. కొత్త బ్లేడు విరిచి కత్తిలో బిగించాడు. వణుకు పోలేదు, ఉంది. పోయే దాకా ఆగుదామంటే ఈ నురగ కూడా ఎండిపోతుంది. ఎడమ బొటనవేలితో చెంప చర్మాన్ని పైకి లాగి పట్టుకున్నాడు. వేలు కింద ఎముక తగిలింది. కత్తి పెట్టాడు. మొదటి గీతకు ఊపిరి బిగపట్టాడు. రెండో గీత సగంలో ఊపిరి వదలాల్సి వచ్చింది, వదిలాడు. కత్తి దాని పని అది చేసుకుపోయింది. గరగరమని ఆ చిన్న చప్పుడు ఎంత ఇష్టమో అతను మరిచేపోయాడు.

గొంతు దగ్గరికి వచ్చాడు. పెద్దాయన అడక్కుండానే తల వెనక్కి వాల్చి, గొంతు అప్పగించాడు. ముడతల కింద నాడి కొట్టుకోవడం వేలికి తెలుస్తోంది. గుండన్న ఆ కొట్టుకునే చోటు మీదనుంచి, కిందనుంచి పైకి, ఆపకుండా ఒక్క గీత లాగాడు. కత్తి తిప్పి చూసుకున్నాడు. తెల్లటి నురగ, అందులో తెల్లటి వెంట్రుకలు. ఎరుపు లేదు.

"ఆఁ... అంతే" అన్నాడు పెద్దాయన. "అంతేరా. దీనికా ఇన్నాళ్లు..."

తర్వాత ఆయన మాట్లాడలేదు. గొంతు అయ్యింది, రెండో బుగ్గ అయ్యింది. ఆ బుగ్గ మీద ఉండగానే ఆయన తల కాస్త పక్కకు వాలింది. గుండన్నకు గుండె ఉప్పొంగిపోయింది. నిద్రపోయాడు! ఊళ్లో అందరినీ నిద్రపుచ్చినవాడు తన చేతికింద నిద్రపోయాడు. ఇంతకంటే సర్టిఫికెట్టు ఏం కావాలి? లేపకుండా, వేలి చివరలతో తలను సరిచేసి, పై పెదవి మీద కత్తి అతి జాగ్రత్తగా ఆడించాడు. చెవుల దగ్గర చూసుకున్నాడు. చల్లటి తువ్వాలు అద్దాడు. అవసరం లేకపోయినా పటిక కూడా రాశాడు.

కత్తి విప్పి, బ్లేడు తీసి, చెయ్యి పైకి లేపాడు. లేపాక తనకే నవ్వొచ్చింది. కళ్లు తెరిచున్నప్పుడే కనబడనాయనకు కళ్లు మూసుకున్నాక ఏం చూపిస్తాడు? అయినా చెయ్యి దించలేదు.

"బాబాయ్" అన్నాడు. "అయిపోయింది. చూడండి."

ఆ తల ఊగలేదు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. పై పెదవి మీద గీస్తున్నప్పుడు వేలికి తగలాల్సిన వెచ్చటి ఊపిరి తగిలిందా, లేదా? గుండన్న ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. వంగి, ఇందాక నాడి కొట్టుకున్న చోట వేలు పెట్టాడు. నున్నగా ఉంది, కదలిక లేదు.

మూసిన కొట్టంత నిశ్శబ్దంగా ఉన్న గదిలో, చచ్చిపోయిన మనిషి పక్కన, చేతిలో బ్లేడుతో, జైలు నుంచి వచ్చిన మనిషి. ఇందాక కూతురు భయపడింది సరిగ్గా ఈ బొమ్మనే. అతనికి అది అద్దంలో కనిపించింది కూడా. పారిపో అంది ఒళ్లు. వెనక తలుపు తీసే ఉంది. వీధికి అటుపక్క, ఏమీ గుర్తుండనివ్వనిది సీసాల్లో సిద్ధంగా ఉంది. గుండన్న ఆ గొంతును మళ్లీ చూశాడు, ఆ చెవినుంచి ఈ చెవి దాకా. ఎక్కడా గోరంత గాటు లేదు. అతను గుమ్మంలోకి వెళ్లి, తన గొంతే తనకు కొత్తగా వినబడేంత గట్టిగా అరిచాడు.

"అక్కా! ఎవరినన్నా పిలువు! బాబాయ్!"

వీధి చివరి ఆస్పత్రి డాక్టరు వచ్చాడు. ముందు గుండన్న చేతిలోని బ్లేడు చూశాడు, తర్వాత పెద్దాయన మొహం చూశాడు. చాలాసేపు పరీక్షించి, "గుండె ఆగింది. నిద్రలోనే, బాధ తెలియకుండా పోయాడు" అన్నాడు. "ముందు అది కింద పెట్టవయ్యా" అని గుండన్నతో మెల్లిగా అన్నాడు. గుండన్న బ్లేడును అద్దం ముందు చెక్కమీద పెట్టాడు.

కూతురు పరుగెత్తుకుంటూ వచ్చింది. వచ్చి, కుర్చీ ముందు కూలబడి, తండ్రి మోకాళ్లు పట్టుకుని ఏడ్చింది. "మనిషిలా ఉండమన్నాను నాన్నా ఇందాక. ఇలా ఉండమన్నానా?" అంది. ఏడుస్తూనే ఆయన మొహం తడిమింది. ఆ తడమడంలో ఆమె చెయ్యి ఒకచోట ఆగింది. వేళ్ల వెనక వైపు తిప్పి, దవడ కింద, కిందనుంచి పైకి, వెంట్రుకకు ఎదురుగా మళ్లీ రాసింది. చిన్నప్పుడు ఈ కొట్టులోనే, తండ్రి చేసిన పనికి పరీక్ష పెడుతూ, కస్టమర్లు నవ్వుతుంటే, ఆమె అలాగే రాసి చూసేది.

"ఎవరు గీశారు?" అంది.

గుండన్న గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఈ ప్రశ్న అతను ఇంతకుముందు ఒకసారి విన్నాడు. అప్పటి జవాబే ఇప్పుడూ చెప్పాడు.

"నేనేనమ్మా."

మొదటిసారిగా ఆమె అతని మొహంలోకి సూటిగా చూసింది. చూసి, మళ్లీ తండ్రి చెంప మీద చెయ్యి పెట్టుకుంది.

పెద్దాయనను తీసుకెళ్లేటప్పుడు ఆమె తాళంచెవి గుండన్న చేతిలో పెట్టింది. "కొట్టు కట్టేసి నీ దగ్గరే ఉంచుకో. రేపొచ్చేవాళ్లను రావద్దంటాను" అంది. "తర్వాత సంగతి తర్వాత."

పొద్దు వాలుతోంది. టీ కొట్టావిడ ఒక గ్లాసు తెచ్చి, మాట్లాడకుండా బల్లమీద పెట్టి వెళ్లింది. గుండన్న టీ తాగాడు. బ్రష్షు కడిగి ఆరబెట్టాడు, తువ్వాలు ఉతికాడు, కుర్చీ తుడిచాడు. నేలమీద పొద్దుటి మేష్టారి జుట్టు ఇంకా ఒక మూల ఉంది, దాన్ని ఊడ్చాడు. చెక్కమీది బ్లేడు తీసుకున్నాడు. చెయ్యి లేవబోయింది, గుండెల దాకా వచ్చింది. అక్కడ ఆగింది. గుమ్మం పక్క బల్ల ఖాళీగా ఉంది. దానిమీద పేపరు మడతపెట్టి ఉంది. గుండన్న చెయ్యి దించి, బ్లేడును డబ్బా చీలికలో వేశాడు. అది మిగతా బ్లేడుల మీద పడ్డ చప్పుడు విన్నాడు. ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కదా అని హాయిగా ఏడ్చాడు.

ఇంకాసేపట్లో ఆ ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుంటారు. అతని వంతు రాగానే లారీ డ్రైవరు నవ్వడానికి ముందే నోరు తెరుచుకుని ఉంటాడు. ఒక గడ్డం పూర్తి చేశానని చెప్పాలి. ఆ మాట అనగలడో లేదో చూసుకోవడానికి, షట్టరు సగం దించి, ఖాళీ కొట్టులోకి ఒకసారి అని చూశాడు. అనగలిగాడు.

దీపం ఆర్పబోతూ ఆగాడు. అద్దం ముందు చెక్కమీద, సబ్బు పక్కన, దళసరి అద్దాల మీద ఎండిన నురగ చుక్కతో, మడిచిన పెద్దాయన కళ్లజోడు కుర్చీవైపు తిరిగి ఉంది.